విదేశ విద్యారంభము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండినపుడు ఎన్ని పుస్తకములు చేరినవి, ఎన్ని బీరువాలు నిండినవి అని లెక్క చెప్పుట ఆచారము. ఆ లెక్క కార్యదర్శిగారి నివేదికలో కలదు. లెక్కకు రాని విషయ మొకటి కలదు. ఇట్టి బల్లల యొద్ద కూర్చుండి చదివిన పిల్లలు ఒకప్పుడు ఆదోని వరకు పోయిన చాలుననుకొనిరి. పిమ్మట కర్నూలు, హైదరాబాదు పోయిరి. ఇపుడు సముద్రములు దాటుచున్నారు. "మావాడు పై చదువునకు అమెరికా పోవుచున్నాడు" అను మాట మెట్టపొలముల నడుమనున్న పల్లెలలో సైతము వినవచ్చుచున్నది. దాని వెంటనే "ఎంత అప్పు చేసితిరి?" అను ప్రశ్నయు వినవచ్చుచున్నది. ఈ రెంటికిని ముందు అడుగవలసిన ప్రశ్నను మాత్రము అడుగువారు అరుదు. ఆ బిడ్డ ఏమి తెలిసికొనుటకు పోవుచున్నాడు? నేటి ఉపన్యాసమునకు ఆ ప్రశ్నయే విషయము.

విద్యకై ఊరు విడుచుట ఈ క్షేత్రమునకు క్రొత్తగాదు. 1671లో ఇచ్చట బృందావన ప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వామివారు పూర్వాశ్రమమున వేంకటనాథుడను పేద విద్యార్థి. ఇల్లు విడిచి కుంభకోణమున శ్రీ సుధీంద్రతీర్థులవారి సన్నిధిని చదివిరి. పగటి పాఠమందలి కఠిన విషయములకు రాత్రి మేల్కొని వ్యాఖ్య వ్రాసికొనుచుండెడివారనియు, ఒకనాటి రాత్రి గురువుగారు వచ్చి ఆ వ్రాతను చూచి, చలిలో నిద్రించుచున్న శిష్యునిపై తమ శాలువను కప్పి పోయిరనియు పెద్దలు చెప్పుదురు. పరిమళాచార్యులను బిరుదు వారికి ఆ చదువు వలన వచ్చినదే. ఈ కథలో గమనింపదగిన దేమనగా, శిష్యుడు చెప్పినదానిని వల్లించి తృప్తి పడలేదు. తెలియని చోటు ఎక్కడున్నదో గుర్తించి, ఆ చోటనే శ్రమించెను. కుంభకోణమైనను, కేంబ్రిడ్జియైనను విద్యార్థిలక్షణము ఇదియే.

ఇపుడు ఈ తుంగభద్ర వెంబడి ఎగువకు పోవుదము. మంత్రాలయము 1953 అక్టోబరు 1వ తేది వరకు బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలోని గ్రామము. ఆనాడు ఆంధ్రరాష్ట్ర మేర్పడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. తక్కిన బళ్ళారి జిల్లా మైసూరునకు పోయినది. అట్లు పోయిన వానిలో హడగలి తాలూకా ఒకటి. అదియును తుంగభద్రాతీరమే. ఆ హడగలిలో 1920 సెప్టెంబరు 10వ తేదిన ఒక తెలుగు కుటుంబమున ఎనిమిదవ సంతానముగ బాలుడొకడు జన్మించెను. శ్రీకృష్ణుడు అష్టమ గర్భమున జనించినవాడు గనుక ఈ బాలునకును రాధాకృష్ణుడని పేరు పెట్టిరి. కల్యంపూడి రాధాకృష్ణరావుగారు వారే. లోకము వారిని సి. ఆర్. రావుగారని ఎరుగును. గణాంకశాస్త్రమున ప్రపంచము గౌరవించిన మహనీయులు. 2023లో, 102 సంవత్సరముల వయసున, గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమానమును పొంది, ఆ సంవత్సరమే ఆగస్టు మాసమున అమెరికాలో కాలధర్మము చెందిరి. ఒకే జిల్లాలో, ఒకే నదీతీరమున పుట్టినవారు గనుక ఈ ఊరివారికి వారు పరాయివారు గారు.

వారి తండ్రి దొరస్వామినాయుడుగారు పోలీసుశాఖలో ఇన్‌స్పెక్టరు. బదిలీల వలన బాలుని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో సాగినది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి చదువుటకు కూర్చుండబెట్టెడివారు. రావుగారు పెద్దవారైన పిమ్మట తమ గ్రంథము నొకదానిని తల్లికి అంకితమిచ్చుచు ఆ దీపమును స్మరించిరి. విశ్వవిద్యాలయపు పట్టము గాని, పరదేశపు పయనము గాని ఇంకను చాల దూరమున నున్న దినములవి. విదేశవిద్యకు పునాది పడినది మాత్రము ఆ దీపము యొద్దనే.

1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితశాస్త్రములో ప్రథమశ్రేణిలో ప్రథములుగ ఎం.ఏ. పట్టము పొందిరి. ఐనను, దరఖాస్తు ఆలస్యముగ చేరినదను కారణమున పరిశోధక వేతనము లభింపలేదు. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచున్నది. సైన్యపు సర్వేశాఖలో ఉద్యోగమునకై కలకత్తాకు పోయిరి. ఉద్యోగమును రాలేదు. అట్టి నిరాశలో నుండగా, బసలో పరిచయమైన దక్షిణదేశీయు డొకడు తాను గణాంకశాస్త్ర శిక్షణకై వచ్చితినని చెప్పెను. 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్‌గారు స్థాపించిన భారత గణాంకశాస్త్ర సంస్థ అప్పుడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో నుండెను. రావుగారు దానిని చూచి, ఇంటికి తిరిగి వచ్చి, కలకత్తాలో నుండుటకు నెలకు 30 రూపాయలు కావలెనని తల్లికి చెప్పిరి. ఎట్లైనను సమకూర్చెద, పొమ్మని ఆ తల్లి పలికినది. 1941 జనవరి 1వ తేదిన రావుగారు ఆ సంస్థలో చేరిరి. సముద్రము దాటుటకు ముందు దాటిన మొదటి గట్టు ఇది.

అచ్చట వారు నేర్చిన శాస్త్రమేమి? పల్లెవారికి అది తెలియనిదేమియు గాదు. ఒక గ్రామపు వేరుసెనగ దిగుబడిని తెలిసికొనుటకు పొలములన్నియు కోసి తూచుట సాధ్యముగాదు. కొన్ని పొలములలో కొలిచిన మళ్ళను మాత్రము కోసి, ఎండబెట్టి, తూచి, దానినిబట్టి ఊరంతటి పంటను అంచనా వేయుదురు. పంటకోత ప్రయోగమని గ్రామాధికారులు ఎరిగినదే ఇది. ఈ అంచనా ఎంతవరకు నమ్మదగును? ఎంత తెలివిగ కొలిచినను, అందులో మిగిలిపోవు తప్పు కనీస మెంత యుండును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పునదే గణాంకశాస్త్రము.

1943లో రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రములో ఎం.ఏ. ప్రథములుగ నెగ్గి, అచ్చటనే పాఠములు చెప్పసాగిరి. ఒకనాడు పాఠము నడుచుచుండగా వి. ఎం. దండేకర్ అను విద్యార్థి, పిదప ప్రసిద్ధ ఆర్థికశాస్త్రవేత్తయైనవారు, ఒక ప్రశ్న నడిగిరి. లెక్కలేనన్ని కొలతలున్నపుడు చెల్లు సూత్రము కొద్దికొలతలున్నపుడు చెల్లునా అని. గురువునకు సమాధానము తెలియలేదు. తెలియదని సిగ్గుపడక, ఆ రాత్రియంతయు కూర్చుండి సాధించి, మరునాడు తరగతిలో సమాధానము చెప్పిరి. కొద్దికొలతలలో సైతము అంచనాలోని తప్పు ఇంతకంటె తగ్గజాలదని నిర్ణయించిన ఆ సూత్రము 1945లో కలకత్తా గణితసంఘ పత్రికలో అచ్చయ్యెను. స్వీడను దేశమున హెరాల్డ్ క్రామర్‌గారును దానిని వేరుగ కనుగొని 1946లో ప్రకటించిరి. నేడు ప్రపంచమంతట దానిని క్రామర్-రావు సూత్రమని బోధించుచున్నారు. అప్పటికి రావుగారు పరదేశమును చూచియుండలేదు. డాక్టరు పట్టమును లేదు.

1946లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము నుండి మహలనోబిస్‌గారికి పిలుపు వచ్చినది. సూడాను దేశమున జబల్ మోయా అను చోట 1910 మొదలు 1914 వరకు సర్ హెన్రీ వెల్కమ్‌గారు త్రవ్వించిన ప్రాచీన శ్మశానమునుండి తెచ్చిన ఎముకలు అచ్చటి ప్రదర్శనశాలలో నుండెను. ఆ ప్రాచీనజనులు ఏ జాతులకు చేరువయైనవారో నిర్ణయించుటకు మహలనోబిస్‌గారు కనిపెట్టిన కొలమానము కావలసివచ్చెను. దానిని నడపగలవారిని పంపుడని కోరిరి. రావుగారిని, రామకృష్ణ ముఖర్జీగారిని పంపిరి. ఆగస్టు మాసమున రావుగారు కేంబ్రిడ్జి చేరిరి. చేరునప్పటికి వారి వయస్సు 26 నిండలేదు.

ఇచ్చట ఒక్క క్షణ మాగి విచారింపవలెను. ఆ యువకుడు ఇంగ్లండుకు పట్టమును వేడుకొనుటకు పోలేదు. పనివానిగ పిలువబడి పోయెను. పగలు ప్రదర్శనశాలలో పుఱ్ఱెలను, ఎముకలను గూర్చిన కొలతల పని. ఆ పనియుండగనే కింగ్స్ కళాశాలలో పరిశోధక విద్యార్థిగ చేరిరి. ఆ కాలమున గణాంకశాస్త్రమునకు పెద్దదిక్కైన ఆర్. ఏ. ఫిషర్‌గారు కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్ర ఆచార్యులు. శిష్యునిగ స్వీకరించుటకు ఫిషర్‌గారు రెండు విషయములు చెప్పిరి. తన ప్రయోగశాలలో ఎలుకల వంశలక్షణములను పరిశీలించు పని చేయవలెను. పరిశోధనకు కావలసిన సమస్యను మాత్రము శిష్యుడే వెదకికొనవలెను.

మన పాఠశాలలలో గురువు ప్రశ్న నిచ్చును, శిష్యుడు జవాబు చెప్పును. అచ్చటి పై చదువులో ప్రశ్నను సైతము శిష్యుడే తేవలెను. విదేశమున పై చదువు ప్రారంభించువారికి తొలి మాసములలో తగులు పెద్ద దెబ్బ చలి గాదు, భోజనము గాదు. ఇదియే. ఇరువది సంవత్సరములు ఇతరుల ప్రశ్నలకు జవాబులు వ్రాసి మొదటి శ్రేణిలో నెగ్గిన బిడ్డ, "నీ ప్రశ్న ఏది?" అని అడిగిన నాడు దిక్కు తోచక నిలుచును. రావుగారు నిలువలేదు. పగలు చేయు ఎముకల కొలతల పనిలోనే ప్రశ్న దొరికినది. అనేక కొలతలను ఒక్కటిగ చేర్చి ఒక జీవి ఏ వర్గమునకు చెందునో నిర్ణయించుట ఎట్లు? అదియే వారి సిద్ధాంతవ్యాసమయ్యెను. 1948లో డాక్టరు పట్టము పొంది స్వదేశమునకు తిరిగి వచ్చిరి. పిమ్మట మూడు దశాబ్దములు భారత గణాంకశాస్త్ర సంస్థకు సేవ చేసిన తరువాతనే అమెరికాలో ఆచార్యపదవుల నలంకరించిరి.

ఇది పని చేతబట్టుకొని పోయినవారి కథ. విదేశవిద్యార్థుల కందరికిని ఇట్టి పిలుపు రాదు. కావున చేతిలో పైకము లేక, పిలుపును లేక పోయిన మరియొకరి కథను గూడ చెప్పవలసియున్నది. వారు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదిన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు నెగ్గిరి. నేడు ఒక్కమారు తప్పిన పిల్లవానిని గూర్చి నిరాశ చెందు తలిదండ్రులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు ననుసరించి ఖద్దరు ధరించిరి. ఆ కారణమున ఆచార్యు నొకరి ఆగ్రహమునకు గురియై, పూర్ణమైన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో వెలువడిరి. వారి సోదరు లిద్దరు కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను జీర్ణవ్యాధి వలన మరణించిరి. తమకును ఆ వ్యాధి సోకగా డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సతో బ్రదికిరి. సోదరులను మ్రింగిన వ్యాధి ఏమి? దానికి మందేది? ఈ ప్రశ్నయే వారికి చేతిలోని మూలధనము.

మామగారు సమకూర్చిన సొమ్ముతోను, కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి సహాయపు వాగ్దానముతోను బయలుదేరి, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరమున దిగిరి. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరిరి. మన దేశపు వైద్యపట్టము అచ్చట ఆస్పత్రిలో వైద్యుడుగ పని చేయుటకు అక్కరకు రాలేదు. కడుపు నింపుకొనుటకు పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలో రాత్రివేళ సేవకుడుగ కుదిరి, రోగుల మలమూత్రపాత్రలను శుభ్రము చేసిరి. స్వదేశమున వైద్యులై, అధ్యాపకులై యుండినవారు అచ్చట ఆ పనికి వెనుదీయలేదు. పగలు పాఠములు, రాత్రి ఆస్పత్రి. నేడు విశ్వవిద్యాలయపు భోజనశాలలో గిన్నెలు కడుగుచున్నానని ఇంటికి చెప్పుటకు సిగ్గుపడు విద్యార్థికి ఇంతకంటె ధైర్యము చెప్పు చరిత్ర వేరొకటి అక్కరలేదు.

ఉష్ణమండల వైద్యపు డిప్లొమా పొందిన పిదప వారు హార్వర్డులోనే సైరస్ ఫిస్కే గారితో జీవరసాయన పరిశోధన ప్రారంభించిరి. రక్తములోను, కండరములలోను గల భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. ఆ కొలత వలన 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ప్రాణులకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థము వెలుగులోనికి వచ్చినవి. 1930లో డాక్టరు పట్టము లభించెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిన పిమ్మట వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును 1945లో ప్రయోగశాలలో తయారు చేసిరి. స్ప్రూ వ్యాధికి, రక్తహీనతకు అది మందు. సోదరుల మరణముతో మనసున నాటిన ప్రశ్నకు ఎన్నియో ఏండ్ల పిమ్మట వచ్చిన జవాబు అది. బోదకాలు వ్యాధికి నేటికిని గ్రామములలో పంచుచున్న డి.ఇ.సి. మాత్రయు వారి బృందము కనుగొన్నదే.

కీర్తి గూర్చి ఇంత చెప్పిన పిమ్మట ఖర్చు గూర్చి చెప్పకున్న లెక్క అసంపూర్ణము. సుబ్బారావుగారు బయలుదేరిననాడు భార్య శేషగిరిగారు స్వదేశముననే నిలిచిపోయిరి. సుబ్బారావుగారు మరల మాతృభూమికి రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కున కన్నుమూసిరి. ఆ దంపతులు మరల కలిసికొనలేదు. అమెరికాలో ఇరువదియైదేండ్లకు పైగ నుండియు వారు భారతీయులుగనే మరణించిరి. విదేశవిద్యకు చెల్లించు వెలలో రుసుము, ఓడచీటి మాత్రమే లేవు. ఇంట నిరీక్షించువారి ఏండ్లు గూడ కలవు. ఈ పద్దును చాలమంది చిఠ్ఠాలో వ్రాయరు.

ఇపుడు ఈ రెండు జీవితములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకరు జీతముతో పోయిరి, ఒకరు చేబదులుతో పోయిరి. ఒకరు ఎల్లపుడు ప్రథములు, ఒకరు పరీక్ష తప్పినవారు. ఒకరు రెండేండ్లలో తిరిగి వచ్చిరి, ఒకరు రానేలేదు. ఇన్ని భేదములున్నను ఒక్క విషయమున ఇద్దరును సమానులు. ఇద్దరును తమ ప్రశ్నను తామే కనుగొనిరి. ఇతరులు ఇచ్చుదాక వేచియుండలేదు.

నేటి స్థితి యేమి? 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరనియు, అందు 1,96,567 మంది పట్టభద్రులై పై చదువులు చదువువారనియు ఆ దేశపు ఓపెన్ డోర్స్ నివేదిక తెలుపుచున్నది. ఆ సంవత్సరమే విదేశవిద్యార్థుల సంఖ్యలో భారతీయులు చైనీయులను మించిరి. కావున ఈ పయనము నేడు ఏ ఒక్కరి సాహసమో గాదు. సామాన్య కుటుంబముల వ్యవహారము. సామాన్య కుటుంబముల వ్యవహారము గనుకనే లెక్క జాగ్రత్తగ చూడవలెను.

మొట్టమొదట తెలియవలసినది, పై చదువు ఒకటి గాదు, రెండు విధములు. ఎం.ఎస్. వంటి రెండేండ్ల చదువు నకు సాధారణముగ విద్యార్థియే రుసుము చెల్లించుకొనవలెను. పిహెచ్.డి. అను పరిశోధన చదువునకు అమెరికా విశ్వవిద్యాలయములు పెక్కు సందర్భములలో రుసుమును తామే భరించి, బోధనలోగాని పరిశోధనలోగాని సహాయము చేసినందుకు నెలవేతనము నిచ్చును. మన నాలుగేండ్ల ఇంజనీరింగు పట్టముతో నేరుగ దానికి దరఖాస్తు చేయవచ్చును. జర్మనీ దేశమున ప్రభుత్వ విశ్వవిద్యాలయములు చాలవరకు బోధనారుసుము తీసికొనవు. కాని జీవనవ్యయమునకు సొమ్ము ముందుగ బ్యాంకులో చూపవలెను. ఇంగ్లండులో ఎం.ఏ., ఎం.ఎస్‌సి. చదువులు ఏడాదిలో ముగియును. ఈ భేదములు తెలియక, పొరుగువాడు పోయిన కళాశాలకే పోవుట మంచి విత్తనమేదో విచారింపక పొరుగుచేనిని చూచి విత్తుట వంటిది.

దరఖాస్తుతోపాటు ఉద్దేశపత్రమును, ముగ్గురు గురువుల సిఫారసు ఉత్తరములను పంపవలెను. ఏమి చదివితివి, ఇంకను ఏమి తెలిసికొనదలచితివి, ఈ చోటనే ఏల అని చెప్పునది ఉద్దేశపత్రము. ఇంతసేపు చెప్పుచున్న ప్రశ్నను కాగితముపై పెట్టుటయే అది. దానిని ఏజంటుచేత వ్రాయించుకొనుట, పెండ్లిచూపులకు తనకు బదులు మరియొకని పంపుట వంటిది. ఆగస్టులో ప్రారంభమగు చదువునకు ముందటి డిసెంబరు ప్రాంతముననే దరఖాస్తులు పోవలెను. ఆలస్యమైన దరఖాస్తు ఏమగునో రావుగారి చరిత్రయే చెప్పుచున్నది. ప్రవేశము దొరికిన పిదప ఒక సంవత్సరపు ఖర్చునకు సొమ్ము చూపినగాని విశ్వవిద్యాలయము ఐ-20 అను పత్రము నీయదు. ఆ పత్రముతో ఎఫ్-1 అను వీసాకు దౌత్యకార్యాలయమున ప్రశ్నోత్తరములకు పోవలెను. అచ్చట అబద్ధపు పత్రము నొకదానిని చూపినచో ఆ మచ్చ జీవితాంతము వెంటాడును. పాఠములు జరుగు కాలమున విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, వారమునకు 20 గంటలకు మించకుండ మాత్రమే పని చేయవచ్చును. ఆ సంపాదనతో అప్పు తీరునని చెప్పువారి మాట నమ్మదగదు.

ఇక అప్పు. భారతీయ బ్యాంకుల సంఘమువారి నమూనా పథకములో 7½ లక్షల రూపాయలు మించిన విద్యాఋణమునకు స్థిరాస్తి వంటి హామీ అడుగుదురు. ఆ స్థిరాస్తి తరచుగ తాతనాటి పొలము. 40 లక్షలు నూటికి సాలుకు 10 రూపాయల వడ్డీకి తెచ్చితిమనుకొందము. సాలుకు వడ్డీ 4 లక్షలు, నెలకు సుమారు 33,000 రూపాయలు. చదువు రెండేండ్లలో 8 లక్షల వడ్డీ పేరుకొనును. వాయిదాలు చదువు ముగిసిన పిమ్మటనే మొదలగునన్నది నిజమే, కాని వడ్డీ మాత్రము నిద్రపోదు. ఈ మొత్తమునకు ఎన్ని ఎకరముల మెట్టపంట, ఎన్ని వానలు సరిగా కురిసిన సంవత్సరములు కావలెనో ప్రతిరైతును లెక్క వేసికొనగలడు. అప్పు చేయరాదని చెప్పుట గాదు. సుబ్బారావుగారి మామగారు సొమ్ము సమకూర్చకున్న ఆ మందులు లోకమునకు ఎప్పుడు దొరకియుండెడివో ఎవరు చెప్పగలరు! రావుగారి తల్లియు 30 రూపాయలకు వెనుదీయలేదు. కాని ఆ ఇద్దరును ప్రశ్న గల బిడ్డపై సొమ్ము పెట్టిరి. ఊరిలో గౌరవముకొరకు, వరకట్నము పెరుగుట కొరకు, పక్కింటివాడు పోయెనను పంతముకొరకు పొలమును తాకట్టు పెట్టువాడు విద్యకు గాక పేరునకు అప్పు చేసినవాడగును.

పోయిన పిదప మొదటి నాలుగు మాసములే కష్టము. ఉచ్చారణ చెవికి పట్టదు. పాఠము వేగముగ నడుచును. అచ్చట ఆచార్యుని పేరుపెట్టి పిలిచిన తప్పు లేదు, అడ్డుప్రశ్న వేసిన అవమానము లేదు. పైగ ప్రశ్న వేయనివానిని చదువనివానిగ భావింతురు. ఒకరి వాక్యమును పేరు చెప్పక తన వ్రాతలో చేర్చుకొనుటను వారు దొంగతనముగ నెంచి చదువునుండి తొలగింపగలరు. మన పండితులును పూర్వాచార్యుల పేరు చెప్పియే వారి మతమును ఉదాహరించిరి గనుక ఈ నియమము మనకు క్రొత్తగాదు. వంట నేర్చి పోవుట, బట్టలు ఉతుకుకొనుట తెలిసి పోవుట మగపిల్లలకును ఆవశ్యకము.

ఇంటివారికి రెండు మాటలు. 1922లో ఒక ఉత్తరమునకు జవాబు వచ్చుటకు నెలలు పట్టినది. నేడు బిడ్డ ముఖము ప్రతిదినము ఫోనులో కనబడుచున్నది. కనబడు ముఖమును చూచి కడుపు నిండినదనుకొనరాదు. ఇంటివారు చింతింతురని ఆకలిని, ఒంటరితనమును, తప్పిన పరీక్షను దాచు పిల్లలు కలరు. మొదటి ఏట "ఎప్పుడు పంపెదవు?" అని సొమ్ము గూర్చి అడుగుటకు బదులు "ఏమి చదువుచుంటివి?" అని అడుగుడు. అర్థము గాకున్నను వినుడు. చదువు సాగక తిరిగి వచ్చిన బిడ్డను ఊరు ఎగతాళి చేయరాదు. అప్పు భారముకంటె ఆ ఎగతాళి భయమే యువకులను ఎక్కువ కృంగదీయుచున్నది. ఆడపిల్ల పోదలచినపుడును ఈ లెక్కయే, ఈ ప్రశ్నయే. వేరు తూకపురాళ్ళు ఉండరాదు.

తుదకు ఈ గ్రంథాలయము గూర్చి. కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెరసాలనుండి వచ్చిన పిమ్మట గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును జీవితమును ధారపోసిరి. పల్లెవానికి పుస్తక మేలయని ఆనాడు అడిగినవారుండిరి. పుస్తకము జవాబుల నిచ్చుట కంటె ముఖ్యముగ ప్రశ్నలను పుట్టించును. బడిలో దొరకని ఆ ప్రశ్న, పరీక్షలో రాని ఆ ప్రశ్న, పిల్లవానికి ఇట్టి బల్ల యొద్దనే దొరకవలెను. కావున రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారు విచారింపదగినవి మూడు. తెల్లవారుజామున చదువుకొను పిల్లలకై గ్రంథాలయపు తలుపును, దీపమును తెరచియుంచుట. విదేశ విశ్వవిద్యాలయముల ప్రవేశనియమములను, వేతనముల వివరములను ఏజంటు చెప్పకముందే తెలిసికొనుటకు ఒక బీరువాను, ఒక కంప్యూటరును కేటాయించుట. విదేశమునకు పోయి వచ్చినవారిని ఏటికొకమారు పిలిచి, వారి కీర్తిని మాత్రమే గాక వారి కష్టమును, అప్పును గూడ ఊరివారి ముందు చెప్పించుట. ఈ మూడింటికిని పెద్ద సొమ్ము అక్కరలేదు.

హడగలి యొద్ద పారిన నీరే మంత్రాలయము యొద్ద పారుచున్నది. ఎగువ తీరమున పుట్టిన ఒక బాలుని కొరకు తల్లి నాలుగు గంటలకు దీపము వెలిగించినది. ఈ తీరమున రేపు తెల్లవారుజామున ఏ ఇంట దీపము వెలుగునో, ఆ దీపము యొద్ద కూర్చున్న బిడ్డను "ఎంత సంపాదించెదవు?" అని గాక "ఏమి తెలిసికొనదలచితివి?" అని అడుగుడు. జవాబు దొరికిననాడు పెట్టె సర్దవచ్చును.